స్పాక్ చేతిలో స్లైడ్ రూల్: పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో లెక్కల పనిముట్లు

టీవీపిచ్చి (తెనాలి) | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈమధ్య పాత స్టార్ ట్రెక్ మళ్లీ మొదట్నుంచీ చూస్తున్నాను. 1966లో ఎన్‌బీసీలో మొదలైన సీరియల్. మనవాళ్లలో చాలామంది 1980ల్లో దూరదర్శన్‌లో ఆదివారాలు చూసి ఉంటారు. అప్పట్లో నాకు అందులో సైన్స్ అధికారి అయిన స్పాక్ సూది చెవులు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇప్పుడు బొమ్మ శుభ్రంగా వస్తోంది కాబట్టి చేతుల వైపు కూడా చూస్తున్నా. "ది నేకెడ్ టైమ్" ఎపిసోడ్‌లో స్పాక్ దగ్గర ఒక గుండ్రటి చక్రం ఉంది, చుట్టూ అంకెలు. దాన్ని వేళ్లతో తిప్పి లెక్క కడుతున్నాడు! ఎంటర్‌ప్రైజ్ 23వ శతాబ్దపు అంతరిక్ష నౌక. గోడకున్న కంప్యూటర్‌ని నోటితో అడిగితే నోటితోనే జవాబిస్తుంది. అలాంటి చోట ఈ చక్రం ఏంటి? ఇది స్లైడ్ రూల్ (స్కేళ్లు జరిపి గుణకారాలు, భాగహారాలు చేసే పాత పనిముట్టు) లాంటిదేనా? డైరెక్టర్ చూసుకోలేదా, కావాలనే పెట్టారా? మిగతా పాత సీరియళ్లలో ఇలాంటివి ఎవరికైనా కనిపించాయా?

మౌనిక_డల్లాస్ | శనివారం రాత్రి 11:05

అది చూడగానే గుర్తుపట్టాను, ఎందుకంటే అలాంటిదే నా బ్యాగులో ఉంది. పైలట్లు వాడేది, ఈ-6బి ఫ్లైట్ కంప్యూటర్ అంటారు. కంప్యూటర్ అన్నారని కంగారుపడకండి, కరెంటూ లేదు, బ్యాటరీ లేదు. ఒకవైపు గుండ్రటి స్లైడ్ రూల్. రెండోవైపు గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తోందో పెన్సిల్‌తో చుక్క పెట్టి, విమానం ముక్కు ఎటు తిప్పి పట్టుకోవాలో చూసుకునే పారదర్శకమైన పళ్లెం. ఫిలిప్ డాల్టన్ అనే అమెరికన్ నేవీ అధికారి 1930ల్లో రూపొందించాడు. ఈ-6బి అన్నది అమెరికన్ సైన్యం దానికి ఇచ్చిన నంబరు. పాపం డాల్టన్ 1941లో ఒక శిక్షణ విమానం కూలి చనిపోయాడు. ఆ తర్వాత రెండో ప్రపంచయుద్ధం అంతా పైలట్ల చేతుల్లో ఇదే.

స్పాక్ దగ్గర ఇది ఒక్క ఎపిసోడ్‌లోనే కాదు. "మడ్స్ విమెన్"లో ఉంది, 1967లో వచ్చిన "హూ మోర్న్స్ ఫర్ అడోనైస్?"లోనూ ఉంది. కాబట్టి పొరపాటున ఎవరో బల్ల మీద మర్చిపోయిన వస్తువు మాత్రం కాదు.

సందేహాల_శేషు | ఆదివారం ఉదయం 7:15

మూడు ఎపిసోడ్లలో ఉందంటే మూడుసార్లు చూసుకోలేదన్నమాట. కాంతి కన్నా వేగంగా పోయే నౌకలో 1930ల నాటి రేకు చక్రమా! ప్రాప్స్ (సెట్ మీద వాడే వస్తువులు) తెచ్చే వాళ్లకి ఏ విమానాశ్రయం పక్క దుకాణంలోనో దొరికింది, మెరుస్తోంది కదా అని ఇచ్చేశారు. ఇంతకన్నా పెద్ద కథ ఏమీ లేదు. మీరంతా కలిసి దీనికి తత్వం పుట్టించబోతున్నారని నాకు ఇప్పుడే అర్థమైంది.

లెక్కలమేష్టారు (ఏలూరు) | ఆదివారం ఉదయం 10:30

శేషు గారూ, తత్వం తర్వాత చూద్దాం. ముందు పనిముట్టు ఎలా పనిచేస్తుందో చూడండి. స్లైడ్ రూల్ పట్టుకోని తరం వచ్చేసింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1614లో నేపియర్ లాగరిథమ్‌లు ప్రచురించాడు. గుణకారాన్ని కూడికగా మార్చడం దాని కీలకం. 2 లాగ్ 0.301, 3 లాగ్ 0.477. రెండూ కూడితే 0.778, అది 6 లాగ్. ఇంటర్మీడియట్‌లో లాగ్ టేబుల్స్ పుస్తకంతో కుస్తీ పట్టిన వాళ్లందరికీ ఇది గుర్తుంటుంది. 1620లో ఎడ్మండ్ గుంటర్ ఈ లాగ్ విలువల్ని ఒక కర్ర మీద దూరాలుగా గీశాడు. తర్వాత కొద్ది ఏళ్లకే ఆట్రెడ్ అలాంటి స్కేళ్లు రెండు పక్కపక్కన పెట్టి జరిపితే విభాగినితో కొలిచే పని కూడా తప్పుతుందని కనిపెట్టాడు.

25 సెంటీమీటర్ల స్కేలు ఊహించుకోండి. ఎడమ చివర 1, కుడి చివర 10. అందులో 2 ఎక్కడ ఉంటుంది? ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర. 3 దాదాపు 11.9 దగ్గర. కింది స్కేలు మీద 2 ఉన్నచోటికి పై స్కేలు 1ని జరపండి. ఇప్పుడు పై స్కేలు మీద 3 కింద ఏముందో చూడండి: 7.5, 11.9 కలిపితే 19.4, అక్కడ 6 ఉంటుంది. అంతే. దాన్నే వంచి చుట్టూ తిప్పితే గుండ్రటి స్లైడ్ రూల్. గుండ్రంగా ఉంటే ఒక సుఖం ఏమిటంటే లెక్క స్కేలు చివర దాటి బయటికి పోదు, తిరిగి మొదటికే వస్తుంది.

ఇక మీరు ఎగతాళి చేసిన విషయం. నౌక వేగం ఎంతైనా ఈ చక్రానికి సంబంధం లేదు. దానికి 12 అన్నా, 120 అన్నా, 12 కోట్లు అన్నా ఒకే గీత. పదుల ఘాతం ఎంతన్నది వాడేవాడి బుర్రలో ఉండాలి. సైకిల్‌కి పనికొచ్చే చక్రం అంతరిక్ష నౌకకీ పనికొస్తుంది.

టీవీపిచ్చి (తెనాలి) | ఆదివారం ఉదయం 10:52

మేష్టారూ, అంటే జవాబు 6 వచ్చిందా 60 వచ్చిందా అన్నది అది చెప్పదా? మరి ప్రమాదం కదా?

లెక్కలమేష్టారు (ఏలూరు) | ఆదివారం ఉదయం 11:10

చెప్పదు. అందుకే అది వాడేవాడికి ముందే ఉజ్జాయింపు జవాబు తెలిసి ఉండాలి. ప్రమాదమూ అదే, మేలూ అదే.

వరంగల్_వాణి | ఆదివారం మధ్యాహ్నం 2:20

నేను సినిమాలకి, సీరియళ్లకి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. ఆ వైపు నుంచి చెప్తా.

1966లో కంప్యూటర్ అంటే టీవీ చూసే జనానికి ఏం తెలుసు? గోడంత పెట్టె, మినుకుమినుకుమనే లైట్లు, తిరిగే టేప్ చక్రాలు. అందుకే ఆ కాలపు సీరియళ్లలో అవే కనిపిస్తాయి. బ్యాట్‌మ్యాన్ గుహలో ఉన్న కంప్యూటర్‌లో కొన్ని భాగాలు నిజంగానే బరోస్ 205 అనే వాక్యూమ్ ట్యూబుల యంత్రానివి. "ది టైమ్ టన్నెల్"లో గోడల నిండా లైట్లు వెలుగుతుంటాయి కదా, ఆ ప్యానెళ్లు అమెరికన్ వాయుసేన సేజ్ రక్షణ వ్యవస్థ కోసం ఐబీఎం కట్టిన 250 టన్నుల యంత్రం నుంచి వచ్చినవి. అసలు యంత్రం పని అయిపోయాక తుక్కు కింద అమ్మితే స్టూడియోలు కొనుక్కున్నాయి. లైటు వెలిగితే చాలు, అది ఏం లెక్క చేస్తోందో ఎవడికి కావాలి?

స్టార్ ట్రెక్ మొదలైన అదే సెప్టెంబరులో పశ్చిమ జర్మనీలో "రౌమ్‌పాట్రూయే" అనే సీరియల్ మొదలైంది. ఏడే ఎపిసోడ్లు. అందులో నౌక కంట్రోల్ బల్ల మీద ఇస్త్రీపెట్టె పిడి బిగించారు! నీళ్ల కుళాయిల భాగాలు, పెన్సిల్ చెక్కే మిషన్ కూడా ఉన్నాయి. జర్మన్లు ఇప్పటికీ ఆ ఇస్త్రీపెట్టెని ముద్దుగా తలుచుకుంటారు.

వీటి పక్కన పెట్టి చూస్తే స్పాక్ చక్రం వేరే రకం. ఇస్త్రీపెట్టె ఇస్త్రీపెట్టెలా కనపడకూడదని పెట్టారు. ఈ-6బిని మాత్రం అది చేసే పని కోసమే పెట్టారు. నటుడు గోడ వైపు తిరిగి బటన్ నొక్కితే ప్రేక్షకుడికి వీపు కనపడుతుంది. చేతిలో చక్రం తిప్పితే ముఖం కనపడుతుంది, వేళ్లు కనపడతాయి, "ఇతను లెక్క చేస్తున్నాడు" అని ఒక్క క్షణంలో తెలుస్తుంది. మా పనిలో దానికి మించిన ప్రాప్ లేదు. మా దగ్గర కూడా డాక్టర్ పాత్ర ఆస్పత్రి బయట కనిపించినా మెడలో స్టెతస్కోప్ ఎందుకు వేలాడదీస్తామనుకుంటున్నారు!

సందేహాల_శేషు | ఆదివారం సాయంత్రం 5:45

వాణి గారూ, మీరు చెప్పింది షూటింగుకి సరే. కథకి ఒప్పదు. ఇదే సీరియల్లో "ఉల్ఫ్ ఇన్ ది ఫోల్డ్" అని 1967 ఎపిసోడ్. కంప్యూటర్‌లో దూరిన దుష్టశక్తిని తరిమేయడానికి స్పాక్ ఏం చేస్తాడు? పై (π) విలువని ఆఖరి అంకె దాకా లెక్కించమని కంప్యూటర్‌కి ఆర్డర్ వేస్తాడు. అంతు లేని లెక్క కాబట్టి అది అందులో మునిగిపోతుంది. అంటే వాళ్ల కంప్యూటర్ అంత మొనగాడు! "కోర్ట్ మార్షల్"లో దాంతోనే చదరంగం ఆడి, అది ఓడిపోతోంది కాబట్టి ఎవరో ప్రోగ్రామ్ పాడుచేశారని తేలుస్తాడు. ఆ కంప్యూటర్ పక్కనే ఉండగా చక్రం తిప్పుతాడా?

పైగా స్పాకే ఒక కంప్యూటర్. "ఎర్రండ్ ఆఫ్ మెర్సీ"లో బయటపడే అవకాశాలు ఎంత అని కెప్టెన్ కిర్క్ అడిగితే, కచ్చితంగా చెప్పడం కష్టం, ఉజ్జాయింపుగా 7,824.7కి 1 అంటాడు. ఇలా నోటితో చెప్పేవాడికి రేకు ముక్క ఎందుకండీ?

లెక్కలమేష్టారు (ఏలూరు) | ఆదివారం సాయంత్రం 6:20

7,824.7 అన్నది నాకు భలే ఇష్టమైన జోకు. ఉజ్జాయింపు అంటూ అయిదు అంకెలు! స్లైడ్ రూల్ మీద ఆ జవాబు చచ్చినా రాదు. మామూలు పొడవుదైతే మూడు అంకెలు, ఎడమవైపు గీతలు దూరంగా ఉన్నచోట కళ్లు బాగుంటే నాలుగు. చక్రం తిప్పి ఉంటే "7,800కి 1" అని ఊరుకునేవాడు. స్లైడ్ రూల్ తరం ఇంజనీర్లకి లేని అంకెలు ఉన్నట్టు చెప్పే జబ్బు లేదు. కాలిక్యులేటర్ వచ్చాక మా పిల్లలు పొలం గట్టు పొడవు కూడా ఎనిమిది దశాంశ స్థానాలకి రాస్తున్నారు.

పాత_ఇంజనీరు | ఆదివారం రాత్రి 8:50

ఈ చర్చ చూసి చాలా కాలం తర్వాత లాగిన్ అయ్యాను. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మేం ఇంజనీరింగ్ చదివేటప్పుడు చొక్కా జేబులో స్లైడ్ రూల్ పెట్టుకు తిరగడం పెద్ద దర్జా. తోలు సంచీలో ఉండేది. పరీక్ష హాల్లో అందరూ ఒకేసారి జరుపుతుంటే వచ్చే చప్పుడు వేరు.

1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్లు హెచ్‌పీ-35 అనే కాలిక్యులేటర్ తెచ్చారు. సైన్, కొసైన్, లాగ్, అన్నీ ఒక్క మీటతో. ధర 395 డాలర్లు. డాలరు ఏడెనిమిది రూపాయలున్న రోజుల్లో కూడా నా నెల జీతానికి అది చాలా రెట్లు. కాబట్టి మా దగ్గరికి ఆ సుఖం ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో మాత్రం నాలుగేళ్లలో స్లైడ్ రూల్ కథ ముగిసింది. పెద్ద కంపెనీలే తయారీ ఆపేశాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. శేషు గారు అంతరిక్షంలో చక్రం ఏమిటని నవ్వుతున్నారు. "ది నేకెడ్ టైమ్" అమెరికాలో ప్రసారమైంది 1966 సెప్టెంబరు 29న. ఆరు వారాలు తిరిగేసరికి, నవంబరు 11న జెమినీ-12 పైకి వెళ్లింది. లోపల లవెల్, ఆల్డ్రిన్. ముందుగా పంపిన అజీనా అనే రాకెట్‌ని కక్ష్యలో వెతికి కలుసుకోవాలి. మధ్యలో రాడార్ పనిచేయడం మానేసింది. ఆల్డ్రిన్ ఏం చేశాడు? సెక్స్‌టెంట్‌తో కోణాలు కొలిచి, తన దగ్గరున్న చార్టులు చూసి చేత్తో లెక్క కట్టాడు. కలుసుకున్నారు. అతను ఎంఐటీలో 1963లో డాక్టరేట్ చేసిందే కక్ష్యలో నౌకలు కలుసుకోవడం మీద. తోటివాళ్లు అతన్ని "డాక్టర్ రాందేవూ" (రాందేవూ అంటే కలుసుకోవడం) అని ఆటపట్టించేవారు. టీవీలో స్పాక్, ఆకాశంలో ఆల్డ్రిన్, ఇద్దరూ ఒకే శరత్కాలంలో చేత్తోనే లెక్క కట్టారు. కాబట్టి ఆ రోజు ఆ సీరియల్ చూసిన నాసా ఉద్యోగి ఎవరూ చక్రం చూసి నవ్వి ఉండరు.

అపోలో యాత్రల్లో పికెట్ కంపెనీ అల్యూమినియం స్లైడ్ రూల్ కూడా తీసుకెళ్లారు. అపోలో-11లో ఆల్డ్రిన్‌తో వెళ్లింది 2007లో వేలంలో 77,675 డాలర్లు పలికింది. నౌకలో కంప్యూటర్ లేక కాదు, ఉంది. చెరిపి మళ్లీ రాయగల మెమరీ 2,048 పదాలు (ఒక్కో పదం అంటే ఒక సంఖ్య పట్టే గడి). దాని పని దానికే సరిపోయేది.

ఇంకొకటి, దారి తప్పుతున్నా చెప్పకుండా ఉండలేను. మేష్టారు చెప్పిన ఎడ్మండ్ గుంటర్ ఉన్నాడే, మన పొలాలు కొలిచే గొలుసు కూడా అతనిదే. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎకరంలో నూరో వంతు సెంటు, అంటే సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. ఆంధ్రాలో "మూడు సెంట్ల స్థలం" అన్న ప్రతివాడూ ఆ ఆంగ్లేయుడి లెక్కలో మాట్లాడుతున్నాడు. సర్వే గొలుసు, స్పాక్ చక్రం ఒకే ఇంటి బిడ్డలు.

బుల్లిగోదారి | ఆదివారం రాత్రి 9:05

మా తాత సర్వేలో చైన్‌మన్! ఈ ముక్క రేపు ఇంట్లో చెప్పాలి. స్టార్ ట్రెక్ ఒక్కటీ చూడలేదు గానీ ఇప్పుడు చూస్తా.

మౌనిక_డల్లాస్ | ఆదివారం రాత్రి 11:30

పాత ఇంజనీరు గారికి దండాలు. చక్రం సెట్ మీదికి ఎలా వచ్చిందన్న దాని గురించి నాదొక ఊహ. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడన్‌బెరీ రచయిత కాకముందు పైలట్. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ ప్రాంతంలో బి-17 బాంబర్లు నడిపాడు. యుద్ధం తర్వాత పాన్ యామ్‌లో పనిచేశాడు. 1947లో ఆ కంపెనీ విమానం సిరియాలో కూలినప్పుడు అందులో ఉండి బతికి బయటపడ్డాడు. ఇంజనీర్ స్కాటీగా వేసిన జేమ్స్ డూహాన్ కూడా యుద్ధంలో కెనడా తరఫున ఫిరంగి దళాలకి గురి చూపే చిన్న విమానాలు నడిపాడు. ఈ-6బి అంటే ఏమిటో తెలియని సెట్ కాదది. ఎవరు తెచ్చి స్పాక్ చేతిలో పెట్టారన్నది పక్కన పెట్టినా, చూసి "ఇదేంటి?" అని అడగాల్సిన అవసరం రాడన్‌బెరీకి మాత్రం ఉండదు.

ఇక ఎందుకు అంటే, మా ఇన్‌స్ట్రక్టర్ మొదటి క్లాసులో చెప్పిన కారణమే. ఐప్యాడ్ వేడెక్కి ఆగిపోతుంది. ఇది ఆగదు. ఇక్కడ పైలట్ రాత పరీక్షకి ఇప్పటికీ తీసుకెళ్లనిస్తారు. ఎలా వాడతామంటే: చక్రం మీద 60 దగ్గర పెద్ద బాణం గుర్తు ఉంటుంది, అంటే 60 నిమిషాలు. దాన్ని మీ వేగానికి ఎదురుగా పెట్టండి, 120 నాట్లు (గంటకి 120 నాటికల్ మైళ్లు) అనుకోండి. ఇప్పుడు బయటి స్కేలు మీద 40 మైళ్లు ఎక్కడుందో చూస్తే, దాని కింద 20 నిమిషాలు. మళ్లీ తిప్పనక్కర్లేదు, 50 మైళ్లకి 25, 70కి 35, వరసగా కనపడతాయి. కాలిక్యులేటర్ ఒక్క జవాబే ఇస్తుంది. ఇది ఒకేసారి మొత్తం పట్టిక ఇస్తుంది.

సందేహాల_శేషు | సోమవారం ఉదయం 8:10

బాగుంది, అందుకే ఇప్పుడు అసలు పాయింటు. "ది నేకెడ్ టైమ్"లో ఏమైంది? రైలీ అనే కుర్రాడికి మతి తప్పి ఇంజిన్ గదిలో తలుపేసుకుని ఇంజిన్లు ఆపేశాడు, పాటలు పాడుతున్నాడు. నౌక చుట్లు తిరుగుతూ కింద ముక్కలవుతున్న గ్రహం మీదికి దిగిపోతోంది. ఎంతసేపట్లో ఢీకొంటుంది అన్నది ప్రశ్న. మీ చక్రం వేగం స్థిరంగా ఉంటేనే పనిచేస్తుంది. కక్ష్య నుంచి పడే వస్తువు వేగం స్థిరంగా ఉండదు. కిందికి వచ్చేకొద్దీ వాతావరణం చిక్కబడుతుంది, పతనం ఇంకా వేగమవుతుంది. మౌనిక గారి 120 నాట్ల లెక్క అక్కడ చెల్లదు. చేతిలో ఈ-6బి ఉంటే మాత్రం స్పాక్ చెప్పే నిమిషాలు తప్పే.

లెక్కలమేష్టారు (ఏలూరు) | సోమవారం ఉదయం 9:00

ఇది మంచి అభ్యంతరం. ఈ చర్చలో మీరు వేసిన ప్రశ్నల్లో దీనికి మొదటి మార్కు.

ఒక్కసారి తిప్పి వదిలేస్తే తప్పే. కానీ అలాంటి చోట ఎవరూ ఒక్కసారి తిప్పరు. నిమిషం క్రితం ఎత్తు ఎంత, ఇప్పుడు ఎంత, తేడా ఎంత. మిగిలిన ఎత్తుని ఆ తేడాతో భాగిస్తే ఇప్పటి అంచనా. ఇంకో నిమిషానికి మళ్లీ. పతనం పెరుగుతోంది కాబట్టి ప్రతి అంచనా ముందుదానికన్నా తక్కువ వస్తుంది. రెండు మూడు అంచనాలు చూస్తే ఎంత త్వరగా తగ్గుతోందో కూడా తెలుస్తుంది. కెప్టెన్‌కి కావలసింది సెకన్లు కాదు, "ఇంజిన్ మళ్లీ వెలిగించడానికి టైమ్ ఉందా లేదా" అన్నది. చల్లబడిన ఇంజిన్ మళ్లీ మామూలుగా అందుకోవడానికి అరగంట పడుతుంటే, చేతిలో ఉన్నది అంతకన్నా బాగా తక్కువైతే, మూడో అంకెతో పనేముంది?

సందేహాల_శేషు | సోమవారం ఉదయం 9:25

అంచనాకి ఒప్పుకుంటా. కంప్యూటర్‌ని అడగకపోవడానికి మాత్రం ఒప్పుకోను. మీరు మీ స్లైడ్ రూల్ మీద మమకారంతో మాట్లాడుతున్నారు.

వరంగల్_వాణి | సోమవారం మధ్యాహ్నం 1:15

అన్నా, ఆ రోజుల్లో కంప్యూటర్‌ని "అడగడం" అంటే ఏంటో ఆలోచించు. కార్డులు గుద్దించి కిటికీలో ఇచ్చి, మర్నాడు వచ్చి కాగితం తీసుకోవడం. మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్లు టీడీసీ-12 తయారుచేసిందే 1969లో. 1966లో కథ రాసేవాడి ఊహలో కంప్యూటర్ అంటే దర్బారులో ఉన్న పెద్దాయన. అందరి ముందూ, గట్టిగా, పెద్ద ప్రశ్నే అడగాలి. పై (π) ఆఖరి అంకె, ఎవడు హంతకుడు, ఇలాంటివి. చిన్న చిన్న లెక్కలు పక్కనున్న మనిషి చేతిలోనే అయిపోవాలి. జేబులో పట్టే కంప్యూటర్ వస్తుందని వాళ్లకి తట్టలేదు. మాట్లాడే కంప్యూటర్ తట్టింది, చిన్న కంప్యూటర్ తట్టలేదు, అదీ వింత! నీ ప్రశ్నకి జవాబు ఇదేనని నేననుకుంటున్నా.

ఇంకో విషయం చూడు. అదే "ది నేకెడ్ టైమ్" చివర్లో నౌక కాలంలో వెనక్కి వెళ్తుంది కదా, 71 గంటలు. దాన్ని ఎలా చూపించారు? గడియారంలో అంకెల చక్రాలు వెనక్కి దొర్లుతాయి. కారు మీటర్ లాగా! అంకెలు వెలిగించే తెర అప్పటికి సెట్‌లో పెట్టలేకపోయారు.

కొత్తసభ్యుడు_కర్నూలు | సోమవారం సాయంత్రం 4:40

సీరియల్ కాదుగానీ అడగొచ్చా? "అపోలో 13" సినిమాలో లవెల్ కోణాలు కూడి, సరిచూడమని భూమికి చెప్తాడు. కంట్రోల్ రూములో వరసగా అందరూ స్లైడ్ రూళ్లు తీసి జరిపి, బాగుందని బొటనవేలు చూపిస్తారు. నాకు ఆ సీన్ చాలా ఇష్టం. అది నిజంగా అలాగే చేసేవారా?

లెక్కలమేష్టారు (ఏలూరు) | సోమవారం సాయంత్రం 5:00

బాబూ, నేను పైన రాసింది మళ్లీ చదువు. స్లైడ్ రూల్ గుణిస్తుంది, భాగిస్తుంది, వర్గమూలం తీస్తుంది. మామూలు స్లైడ్ రూల్ కూడిక చేయదు! అక్కడ లవెల్ అడిగింది కూడిక, తీసివేత. అది కాగితం, పెన్సిల్ పని. అంతమంది ఇంజనీర్లు అంత గంభీరంగా జరుపుతుంటే థియేటర్లో నేనొక్కణ్ణే పగలబడి నవ్వాను.

స్పాక్ సీన్లకి మార్కులు వేయడానికి ఇదే కారణం. కాలం, వేగం, దూరం లెక్కకి కాలం, వేగం, దూరం చక్రమే ఇచ్చారు. 1966 సీరియల్ సరిగ్గా చేసింది, 1995 సినిమా తప్పు చేసింది. మధ్యలో స్లైడ్ రూల్ వాడిన అనుభవం సెట్ల మీద నుంచి వెళ్లిపోయింది.

లండన్_రాజు | సోమవారం రాత్రి 10:10

ఇక్కడి సీరియళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. "డాక్టర్ హూ"లో 1981లో "లోగోపొలిస్" అని నాలుగు భాగాల కథ వచ్చింది. ఒక ఊరి ఊరంతా గణితజ్ఞులు. గూళ్లలాంటి గదుల్లో కూర్చుని గొణుక్కుంటూ లెక్కలు చేస్తుంటారు, కంప్యూటర్లు ఉండవు. కారణం అద్భుతంగా ఉంటుంది: వాళ్ల లెక్క వస్తువుల స్వరూపాన్నే మార్చేస్తుంది. కంప్యూటర్ కూడా వస్తువే కాబట్టి లెక్క మధ్యలో అదే మారిపోతుంది. అందుకని బతికున్న మెదడుతోనే చేయాలి. పర్సనల్ కంప్యూటర్లు ఇళ్లలోకి వస్తున్న సరిగ్గా ఆ రోజుల్లో రాశారు. నాకైతే మనవాళ్లు ఎక్కాలు వల్లె వేస్తున్నట్టే అనిపిస్తుంది.

1967లో "ది ప్రిజనర్"లో ఒక ఎపిసోడ్ దీనికి తిరగేసినది. ఏది అడిగినా చెప్పే కంప్యూటర్‌ని హీరో "ఎందుకు?" అన్న ఒక్క ప్రశ్నతో పేల్చేస్తాడు. ఇదొక ఫ్యాషన్ అప్పట్లో, కంప్యూటర్‌ని మాటతో చంపడం. స్లైడ్ రూల్‌ని అలా చంపలేరు.

పాత_ఇంజనీరు | సోమవారం రాత్రి 10:45

రాజు గారూ, ఐజక్ అసిమోవ్ 1958లో ఒక కథ రాశాడు, "ది ఫీలింగ్ ఆఫ్ పవర్". అందరూ కంప్యూటర్ల మీద ఆధారపడి లెక్కలు మర్చిపోయిన కాలంలో ఒక చిన్న ఉద్యోగి కాగితం మీద గుణకారం ఎలా చేయాలో మళ్లీ కనిపెడతాడు. సైన్యం వెంటనే దాన్ని లాక్కుంటుంది. ఆ అసిమోవే 1965లో స్లైడ్ రూల్ ఎలా వాడాలో ఒక పాఠ్యపుస్తకం కూడా రాశాడు. రోబోల మీద రాసిన చేత్తోనే!

రష్యన్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్ల వోస్టాక్ నౌక ప్యానెల్ మీద చిన్న భూగోళం తిరుగుతుండేది, పేరు గ్లోబస్. లోపలంతా పళ్ల చక్రాలు. నౌక ఇప్పుడు ఏ దేశం మీద ఉందో, ఇప్పుడు బ్రేకు రాకెట్ వెలిగిస్తే ఎక్కడ దిగుతుందో చూపించేది. గగారిన్ ముందు ఉన్నది అదే. మార్పులతో సోయజ్ నౌకల్లో 2002 దాకా నడిచింది. 2002! సీరియల్లో చూపిస్తే శేషు గారు ఒప్పుకునేవారు కాదు.

టీవీపిచ్చి (తెనాలి) | మంగళవారం ఉదయం 7:30

నేను అడిగిన దానికన్నా వంద రెట్లు దొరికింది. ఇప్పుడు నాకూ ఒకటి కావాలి. ఎక్కడ దొరుకుతుంది?

మౌనిక_డల్లాస్ | మంగళవారం ఉదయం 8:15

ఈ-6బి ఇప్పటికీ కొత్తవే తయారవుతున్నాయి. పైలట్ శిక్షణ సామాను అమ్మేచోట అట్టముక్కది చవగ్గా వస్తుంది, రేకుది కాస్త ఎక్కువ. స్పాక్‌ది రేకుదే కాబట్టి మీ ఇష్టం.

పాత_ఇంజనీరు | మంగళవారం ఉదయం 8:40

నిలువు స్లైడ్ రూల్ కావాలంటే పాత సామాన్ల దుకాణాల్లో వెతకండి. కొనేముందు మధ్య పట్టీ సాఫీగా జరుగుతోందా, కర్సర్ (పైన జరిగే గాజు పలక) మీద వెంట్రుక గీత చెరిగిపోలేదా చూసుకోండి. చెక్కది వంగిపోయి ఉంటే వద్దు. ముందు ఊరికే నేర్చుకోవాలంటే లాగ్ గ్రాఫ్ కాగితం రెండు పట్టీలుగా కత్తిరించుకుంటే చాలు, ఖర్చు లేదు.

లెక్కలమేష్టారు (ఏలూరు) | మంగళవారం ఉదయం 9:05

పట్టీలు కత్తిరించాక హోమ్‌వర్క్: నౌక ఎత్తు 450 మైళ్లు, నిమిషానికి 18 మైళ్ల చొప్పున దిగిపోతోంది. ఎంతసేపు ఉంది?

సందేహాల_శేషు | మంగళవారం ఉదయం 9:08

25 నిమిషాలు. నోటితో చేశాను. చక్రమూ అక్కర్లేదు, పట్టీలూ అక్కర్లేదు. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

లెక్కలమేష్టారు (ఏలూరు) | మంగళవారం ఉదయం 9:10

సరే. ఎత్తు 437, నిమిషానికి 17.3. కానివ్వండి.

మౌనిక_డల్లాస్ | మంగళవారం ఉదయం 9:12

పాతికా పావు. శేషు గారూ, మీరింకా ఉన్నారా?